ఎర్ర పెన్సిలు ఆగిన పేజీ

నూట నలభై పేజీల చిన్న పుస్తకాన్ని నేను. ప్రార్థన గురించి ఒక ముసలి పాస్టరు రాస్తే, గుంటూరులో ఓ చిన్న ప్రెస్సులో అచ్చయ్యాను. అట్ట మీద మోకరించిన మనిషి బొమ్మ వేశారు. ఆ బొమ్మ చూసి నన్ను చాలా నెమ్మదైన పుస్తకం అనుకుంటారు. నాలో నెమ్మది లేదు. ఆ సంగతి నా మొదటి యజమానికి చివరిదాకా తెలియలేదు.

ఆయన నరసరావుపేటలో ఒక సంఘ పెద్ద. సువార్త సభల్లో నలుగురూ చూస్తుండగా నన్ను కొని, ఇంట్లో అద్దాల బీరువాలో మిగతా పుస్తకాల పక్కన పెట్టాడు. వచ్చినవాళ్లందరికీ మమ్మల్ని చూపించి "ఇదంతా నా ఆత్మీయ ఆహారం" అనేవాడు. ఏడేళ్లలో ఒక్క మెతుకు ముట్టలేదు. ఇల్లు మారేటప్పుడు మమ్మల్ని అట్టపెట్టెలో సర్ది, వినుకొండ పక్కన ఒక ఊళ్లో పాస్టరుగా ఉన్న జ్ఞానప్రకాశం గారికి కానుకగా పంపేశాడు.

పెట్టె విప్పింది ఆయన భార్య దీవెనమ్మ. ఊరంతా ఆమెను అమ్మగారు అంటుంది. అప్పటికి పది నెలల క్రితం వాళ్ల ఒక్కగానొక్క కూతురు షారోను, తొమ్మిదేళ్ల పిల్ల, మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. సమాధి దగ్గర వాక్యం చెప్పింది తండ్రే. ఏడవొద్దని, దేవునికి స్తోత్రం చెప్పమని సంఘాన్ని అడిగాడు. అందరితోపాటు దీవెనమ్మా చెప్పింది. అప్పటినుంచి ఆమె ప్రార్థన మానలేదు, కానీ మాటలు నోటి దగ్గరే పుట్టి నోటి దగ్గరే ఆరిపోతున్నాయి.

దుమ్ము దులుపుతూ నన్ను మధ్యలో తెరిచింది. అక్కడ ఇలా ఉంది: "నీకు కోపం ఉన్నచోట దేవునికి కృతజ్ఞత చెప్పవద్దు. ముందు ఆ కోపమే చెప్పు. మర్యాద కోసం అబద్ధమాడే వాడికంటే పోట్లాడేవాడే ఆయనకు దగ్గరివాడు."

కాలుతున్న గిన్నె ముట్టుకున్నట్టు నన్ను వదిలేసింది. మధ్యాహ్నానికి మళ్లీ తీసింది. ఇక ఆమెకు కుదురు లేదు. అర పేజీ చదవడం, లేచి ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడవడం. బియ్యం డబ్బా మీద, దిండు కింద, ఎక్కడ పెట్టినా మళ్లీ నా దగ్గరికే వచ్చేది. ఆ వారం స్త్రీల కూడికలో ముగింపు ప్రార్థన చెయ్యమంటే, "ఇయ్యాల నావల్ల కాదు మార్తమ్మా, నువ్వు చెయ్యి" అని కూర్చుండిపోయింది.

అమ్మగారు ప్రార్థన మానేశారన్న మాట సాయంత్రానికల్లా పాస్టరుగారి చెవిన పడింది. వంటింట్లో నేను దొరికాను.

"ఇదా నువ్వు చదివేది? ఇది విశ్వాసం పెంచడానికి రాశారా, పీకెయ్యడానికి రాశారా?"

"నాకు తెలవదండీ. మీరే చదివి చెప్పండి."

తప్పులన్నీ పట్టి ఆదివారం ప్రసంగంలో ఎండగడదామని, ఆయన ఎర్ర పెన్సిలు పుచ్చుకుని మర్నాడు పొద్దున్నే కూర్చున్నాడు. తప్పులు వెతికేవాడు చదివినంత శ్రద్ధగా నన్ను ఇంకెవరూ చదవలేదు. అంచుల నిండా "వాక్యానుసారం కాదు" అని రాశాడు. ఆ పేజీకి వచ్చేసరికి "కోపం ఉన్నచోట" అన్న మాట కింద మొదలైన గీత సగంలో ఆగింది. పెన్సిలు మొన కాగితంలోకి దిగబడి చిన్న చిల్లు పడింది. చాలాసేపటికి నన్ను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"దీవెనా, ఆ రోజు నేను స్తోత్రం చెప్పమన్నప్పుడు నీకు కోపమొచ్చింది దేవుడి మీదా, నా మీదా?"

ఆమె గోంగూర వలుస్తోంది. చేతులు ఆగలేదు. "ఇద్దరి మీదానండీ. మీమీదే ఎక్కువ. ఆయన కనపడడు, మీరు ఎదురుగా ఉన్నారు గదా."

ఆయన నేల మీద కూలబడ్డాడు. "నాకూ స్తోత్రం రాలేదు. సంఘం చూస్తోందని చెప్పా. నేను కూలిపోతే వాళ్లేమైపోతారోనని."

"నేనేమైపోతానో అనుకోలేదా?"

ఆయన నన్ను పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగాడు.

కాసేపటికి ఇద్దరూ అక్కడే, గోంగూర కాడల మధ్య, మోకరించారు. "తొమ్మిదేళ్లు ఇచ్చి ఎందుకు తీసుకెళ్లావయ్యా? మమ్మల్ని అడిగావా?" అని ఆమె గట్టిగా అడిగింది. ఆయన ఏడుస్తూ ఆమెన్ అనలేకపోతే, ఆమే అంది. పైనుంచి ఏ మాటా రాలేదు. అయినా ఆ రోజు నుంచి ఆమె రోజూ దేవుడితో పోట్లాడుతూనే ఉంది. ఆ పోట్లాట మధ్యలో, ఒక్కోరోజు, కూతురి పేరు పలికి నవ్వేది కూడా.

ఆదివారం పాస్టరుగారు నన్ను పీఠం మీదికి తీసుకెళ్లలేదు. "ఏడ్చేవాళ్లను ఏడవనివ్వండి. నేనొకసారి ఆపాను, తప్పు చేశాను" అని మాత్రం అన్నాడు. ఇద్దరు పెద్దలు ముఖాలు ముడుచుకున్నారు. ఆ ఏడే పాస్టరుగారికి వేరే ఊరికి బదిలీ అయింది.

సామాను కట్టేటప్పుడు దీవెనమ్మ నన్ను కుట్టుపని చేసే రూతమ్మకిచ్చింది. ఆమె భర్త ఆ మధ్యే క్వారీలో రాయి మీదపడి పోయాడు.

"ఇది చదివితే నెమ్మది రాదు రూతమ్మా, ముందే చెప్తన్నా."

"నెమ్మదిగా ఉండమని అందరూ చెప్తానే ఉన్నారమ్మగారూ. అడగొచ్చని చెప్పినోళ్లే లేరు."

రూతమ్మ అక్షరాలు కూడబలుక్కుని వేలు పెట్టి చదువుతుంది. పదకొండో పేజీకి చేరడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది. ఈమెకు మేలు చేస్తానో, ఉన్న కాస్త ధైర్యం కూడా లాగేస్తానో నాకు తెలియదు. ఆ భయంతోనే ఆమె కుట్టు మిషను మీద, గుడ్డపీలికల పక్కన పడి ఉంటున్నాను. ఇవాళ ఒక వాక్యం రెండుసార్లు చదివి, మిషను తొక్కడం ఆపి, తలెత్తి రేకుల కప్పు కేసి చూసింది.

"ఉన్నావా అయ్యా? ఉంటే కూర్చో," అంది. "నీతో చానా మాట్లాడాల."