ఎడమవైపు కేబుల్

“తుడిచేటప్పుడు నా కేబుళ్ల జోలికి పోబాకని చెప్పినానా లేదా?” అన్నాడు మాలకొండయ్య.

“మీ కేబుళ్లని చూసి దుమ్ము భయపడి ఆగతాదా? పైపైనే తుడిచినా,” అంది సుకుమారి.

ఆత్మకూరులో వాళ్ల ముందుగదిలో బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. పాటను అందుకుని అదుపులో పెట్టేది ప్రీయాంప్. దానికి బలమిచ్చి స్పీకర్లకు పంపేది యాంప్లిఫయర్. రెంటినీ కలిపే కేబుళ్లలో ఎర్ర పిన్నుది కుడి స్పీకరుకు, తెల్ల పిన్నుది ఎడమ స్పీకరుకు. ఎడమవైపు పాట నీరసంగా వస్తోందని ఈపాటికే మాలకొండయ్య సన్నవి తీసి లావువి పెట్టాడు. ఇప్పుడు అల్లిక తొడుగున్న కొత్త జత.

“మంచి రాగి ఉండాది దీంట్లో. అయినా ఎడమది పలకదే! తుడస్తా నువ్వే లాగేసుంటావు.”

డిగ్రీలో ఫిజిక్స్ చదివిన సుకుమారికి చేయని తప్పు మోయడం చేతకాదు. అతను మంచినీళ్లకు లేవగానే ఎడమ కేబుల్‌ని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చి బిగించింది. లోపం కేబుల్‌దే అయితే ఇప్పుడు కుడివైపుకు పోవాలి.

అతను వచ్చి కూర్చున్నాడు. “ఎడమదే. చెప్పలా?”

అంటే కేబుల్ మంచిదే. సుకుమారి అతని చెవుల వైపు చూసింది. ఈమధ్య ఫోను ఎప్పుడూ అతని కుడిచెవి దగ్గరే ఉంటోంది.

“కుర్చీ తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోండి.”

“పిచ్చా ఏంది నీకు?” నవ్వుతూనే తిరిగి కూర్చున్నాడు.

“ఇప్పుడు ఏది బాగా పలకతా ఉండాది?”

చెయ్యెత్తి చూపించాడు. ఇంతసేపూ తిట్టిన స్పీకరే అది. ఇప్పుడు అతని కుడిచెవి వైపుంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఉదయగిరి మీదుగా సీతారామపురం పోయే బస్సుకు అతను డ్రైవరు. ఏళ్ల తరబడి ఇంజను ఎడమచెవి పక్కనే మోగింది.

“ఎవురికీ చెప్పబాక,” అన్నాడు. “చెవి చూపిస్తే స్టీరింగ్ పోతాది.”

ఆమె వెళ్లి పొయ్యి వెలిగించింది.

మధ్యాహ్నం అత్త కామమ్మ సంగటి ముద్ద కొడుకు కంచంలో వేస్తూ, “కొత్త వైర్లు ఎట్టుండాయి నాయనా? పాట ఇంటి కప్పు లేపతా ఉండాదా?” అంది.

మాలకొండయ్య ముద్దలో గుంట చేసి, పప్పు పోసుకోకుండా దాన్నే చూశాడు.

“మొన్న సీతారామపురంలో కండక్టరు రైట్ అన్నాడని బండి లాగినా, అమ్మా. ఒకామె ఇంకా దిగతా ఉండాదని మళ్లీ విజిల్ ఊదినాడంట. నాకు వినపళ్లా. జనం అరిస్తే బ్రేకు కొట్టినా.”

“ఆమెకేం గాలేదు కదరా?” కామమ్మ గరిటె గాల్లోనే ఆగింది.

“గాలేదు. కాలు ఇంకా మెట్టు మీదే ఉన్నింది.”

కొత్త కేబుళ్లు కొనుక్కుని అతను ఇంటికొచ్చింది ఆ సాయంత్రమేనని సుకుమారికి గుర్తొచ్చింది.

“రేపు నేను బండి తియ్యను,” అన్నాడు మాలకొండయ్య. “నెల్లూరు పోయి చెవి చూపించుకుంటా. డాక్టరు ఏం రాసిస్తే అది నేనే డిపోలో ఇస్తా.” సుకుమారి వైపు తిరిగాడు. “నువ్వు గూడా రా. బస్సులో నాకు కుడిపక్కన కూర్చో. నువ్వు చెప్పేది వినపడాల.”