గోల్‌పోస్టు దగ్గర పస్తు

"దేవుడు నా కొడుకుని గోల్డ్‌కీపర్ని చేశాడండీ" అని జీవమ్మ, ఆ అరబ్బు దేశంలో సెలవురోజైన శుక్రవారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పేసరికి హాలంతా స్తోత్రాలతో మోగిపోయింది. ఫోన్లో షాలేమ్ చెప్పింది గోల్‌కీపరని. మైదానం గోలలో తల్లి చెవికి గోలు కాస్తా గోల్డయింది. మనామా బంగారు బజారులో తరుగు తగ్గిస్తారేమోనని ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే ఆరా తీశారు. చివరికి షాలేమ్ చెల్లెలు అక్సా "బంగారం కాదమ్మా, బంతి" అని సర్దిచెప్పింది.

పదిహేనేళ్ళ షాలేమ్ ఆడేది జుఫైర్‌లోని ఒక కుర్రాళ్ళ క్లబ్బుకి. 2007 జూన్‌లో కువైట్ నుంచి, మస్కట్ నుంచి, గోవా నుంచి క్లబ్బులు పోటీకొచ్చాయి. సెమీఫైనల్ ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం. క్లబ్బంటే పేకాటేనని నమ్మిన సంఘపెద్ద కాలేబు గారు కూడా కరిగిపోయి, ఉపవాస ప్రార్థన ప్రకటించారు.

"గురువారం రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టొద్దు. చిన్నపిల్లలు తప్ప సంఘమంతా. వాడు కప్పు తెస్తానంటే మనం కప్పు టీ మానలేమా?"

అలా ఆరాధన తర్వాత ప్రతివారం సాగే భోజనాల బంతి, ఆ వారం కాలి బంతి కోసం ఆగిపోయింది.

తండ్రి సుందర్‌రాజుకి సిత్రాలో ఆయిలు ట్యాంకుల దగ్గర సేఫ్టీ డ్యూటీ. ఎండలో పనిచేసేవాళ్ళని ఆపి "నీళ్ళు తాగావా భాయ్" అని అడగడమే ఆయన ఉద్యోగం. ఆ రోజు మాత్రం మైదానం పక్కన మెట్లమీద కూర్చుని, ఎండిన నాలుకతో కొడుకు కోసం ప్రార్థిస్తున్నాడు.

మొదటి సగంలో షాలేమ్ రెండు గోల్స్ ఆపాడు. విరామంలో మిగతా కుర్రాళ్ళు సీసాలు ఎత్తి గటగటా తాగుతుంటే, వాడు మొహం కడుక్కుని సీసా పక్కన పెట్టేశాడు.

"ఏవండీ, వాడు నీళ్ళు తాగట్లేదు," అంది పక్కనే కూర్చున్న జీవమ్మ.

"ముందే తాగుంటాడులే. అన్నం పెట్టావుగా?"

"బాక్సులో పెరుగన్నం పెట్టాను. ఉపవాసం లేదని మీరు వాడితో చెప్పారుగా?"

"కాలేబు గారు అందరిముందూ చెప్పారు కదే."

రెండో సగంలో షాలేమ్ గోల్‌పోస్టుకి ఆనుకున్నాడు. "పోస్టుకి పోస్టరులా అంటుకుపోయాడేంట్రా మీవాడు" అని వెనక ఎవరో తెలుగాయన నవ్వాడు. బంతి నెమ్మదిగా దొర్లుతూ వాడి కాళ్ళ పక్కనుంచే లోపలికి పోయింది. వాడు అటు చూడనే లేదు.

సుందర్‌రాజు చూసింది బంతిని కాదు. అందరూ చెమటతో తడిసి ముద్దవుతుంటే, కొడుకు నుదురు పొడిగా ఉంది. ఎండదెబ్బ తిన్నవాళ్ళకి అలాంటి నుదురు సిత్రాలో చూశాడు. పరుగెత్తాడు. చేతుల్లోకి ఒరిగిన ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

చీకటిపడే వేళకి ఆస్పత్రి డాక్టరమ్మ బయటికొచ్చి, బాబు దక్కలేదని చెప్పింది. ఎప్పట్నుంచి నీళ్ళు తాగలేదని అడిగింది.

సంఘమంతా వరండాలోనే ఉంది.

"చిన్నపిల్లలు తప్ప అన్నానమ్మా," కాలేబు గారు గోడ పట్టుకుని గొణిగారు. "వాడికి వినపడలేదా?"

"వినపడింది అంకుల్," అంది అక్సా. "పొద్దున్న బాక్సు నాకిచ్చేశాడు. చిన్నపిల్లవి, నువ్వు తినెయ్, నాకు పదిహేనొచ్చాయి కదా అన్నాడు."