కొమ్ము కప్పలకు పక్క

మా జువాలజీ మాస్టారు శాలేమురాజు గారికి తెనాలి నుంచి బాపట్లకు బదిలీ అయింది. అక్కడ ఇల్లు దొరికేదాకా తను పెంచుకునే రెండు కొమ్ము కప్పలను నాకు అప్పగించారు. కళ్ళపైన చిన్న కొమ్ములు, గుండ్రటి ఒళ్ళు, ఒంటికి మించిన నోరు. ఒకే చోట ఉంచితే ఒకటి రెండోదాన్ని మింగేస్తుందని రెండు గాజుతొట్లు కూడా ఇచ్చారు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకే ఎవరినీ అడగకుండా పక్క చేలోంచి తడిమట్టి తెచ్చి తొట్లలో పరిచాను. కప్పను దించబోతుంటే, పొలం పని ముగించుకుని అమ్మ వచ్చింది.

"ఆగవే లిడియా! ఈ మట్టెక్కడిది?"

"కోటేశ్వరరావు గారి చేలోదమ్మా. కప్పలుండేది చేలోనేగా!"

"నిన్న ఆ చేలో యూరియా చల్లింది నేనేనే తల్లీ! దాని తోలు మండిపోద్ది. నువ్వు చదివిందేంటి మరి?"

కప్ప చర్మంతోనే నీళ్ళు పీల్చుకుంటుందని పరీక్షలో రెండు పేజీలు రాశాను నేను.

మట్టి పారబోసి తొట్లు కడిగాను. అమ్మ కొబ్బరి డొక్కలు దంచింది. ఆ పొట్టును నాలుగు నీళ్ళలో కడిగి, పిండి, తొట్లలో నింపాం.

మొదటి కప్ప వెనక కాళ్ళతో పొట్టును తోసుకుంటూ కళ్ళదాకా దిగిపోయి, కుదురుగా కూర్చుంది.

రెండోదాన్ని అమ్మే చేతులు కడుక్కుని అందుకుంది.

"చేలో కాళ్ళకడ్డమొస్తే తోలేసేదాన్ని. నీకేమో పక్కేసి పడుకోబెట్టాల్సొచ్చిందే!" అంది దాంతో, నవ్వుతూ.