ఐదో బీటు పుస్తకం

పైడితల్లి రైలు పట్టా మీద సుత్తితో ఒక దెబ్బ కొట్టి, తల పక్కకు వంచి విన్నాడు. ఖంగుమంది. నాలుగడుగులు వేసి, పట్టాను బిగించే క్లిప్పు ఒకటి బయటికి జారితే మరో రెండు దెబ్బలతో లోపలికి దించాడు. మే నెల, పొద్దున పదకొండు గంటలు. పట్టాకు ఆనించిన థర్మామీటరు అప్పుడే యాభై ఆరు చూపిస్తోంది. అంత వేడికి ఇనుము సాగుతుంది, సాగి చోటు చాలక ఎక్కడో ఒకచోట వంకర తిరుగుతుంది. ఆ వంకరను బండి కంటే ముందు చూడటానికే మండుటెండలో మనిషిని నడిపిస్తారు. ముప్పై ఒక్కేళ్ళుగా అలా నడిచేవాళ్ళలో పైడితల్లి ఒకడు.

సన్నటి మనిషి. కుడి భుజం మీద సుత్తి మోసిన చోట కాయ కాసి, ఆ పక్క భుజం కాస్త కిందికి దిగి ఉంటుంది. పట్టాల కింది స్లీపరు నుంచి స్లీపరుకు అంగ వేసే అలవాటు పోక, బజార్లో నడిచినా అవే కొలత అడుగులు పడతాయి. ఎలమంచిలి దగ్గర ఉన్న అరెకరం చెరకు చేను తమ్ముడికి వదిలేసి ఈ నౌకరీలో చేరాడు. ఏ ప్రమాదమూ ఆపి పేపర్లోకి ఎక్కలేదు, ఏ ప్రమాదానికీ కారణమూ కాలేదు. ఇంకో రెండేళ్ళు ఇలాగే గడిచిపోతే దండ వేసి ఇంటికి పంపుతారు. అంతకు మించి అతను కోరుకున్నదీ లేదు.

ఒక మనిషి నడిచి చూడాల్సినంత పట్టా ఒక బీటు. దువ్వాడ దాటాక అనకాపల్లి వైపు నాలుగో బీటు అతనిది. దాన్ని ఆనుకున్న ఐదో బీటు గంగరాజుది. రెండింటి మధ్యా సున్నం కొట్టిన హద్దురాయి ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చి అక్కడ కలుసుకోవాలి. తన బీటు పుస్తకం ఎదుటివాడికిచ్చి, అతనిది తాను తీసుకుని వెనక్కి తిరగాలి. సాయంత్రం గ్యాంగుకు పెద్ద అయిన మేటు గురునాథరావు ఎవరి చేతిలో ఎవరి పుస్తకం ఉందో చూస్తాడు. పుస్తకం చేతులు మారిందంటే మనిషి నడిచినట్టే. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మర్నాడు పొద్దున ఎవరి పుస్తకం వాళ్ళు తిరిగి తీసుకుంటారు.

గంగరాజుది భీమిలి దగ్గర బెస్తల ఊరు. అన్నం సంచిలోనే పుస్తకం కూడా పెట్టుకుంటాడు. సంచిలో ఎప్పుడూ ఎండు నెత్తళ్ళ చేపలు ఉంటాయి. ఆ వాసన పుస్తకం అట్టకు పట్టేసింది. పైడితల్లి దాన్ని ఇంటికి తెస్తే, భార్య ఆదిలక్ష్మమ్మ ముక్కు మూసుకునేది.

"ఆ పుస్తకం గుమ్మం బయటెట్టు. పిల్లి సదూకుంటాది," అనేది.

కరోనా వచ్చాక చేతికి చెయ్యి ఇచ్చుకోవడం మానేశారు. పుస్తకం హద్దురాయి మీద పెట్టి, ఎగిరిపోకుండా కంకర రాయి ఒకటి ఉంచి, వెనక్కి జరిగేవారు. పదడుగుల దూరం నుంచే నాలుగు మాటలు. పద్నాలుగు మంది గ్యాంగులో ఇప్పుడు ఐదుగురే మిగిలారు. ఇద్దరు చనిపోయారు, మిగతావాళ్ళు జ్వరాలతో ఇళ్ళలో ఉన్నారు. ప్యాసింజర్లు పలచబడ్డాయి గానీ బొగ్గు ఆగలేదు, బియ్యం ఆగలేదు. ఇప్పుడు కొత్తగా, స్టీలు ప్లాంటు వైపు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లను మోసుకుపోయే బండి ఒకటి వచ్చింది. గ్యాంగువాళ్ళు దాన్ని గాలి బండి అంటారు.

మూడు రోజుల క్రితం హద్దురాయి దగ్గర గంగరాజు నవ్వుతూనే అన్నాడు.

"బావా, నెత్తళ్ళకి వాసన పోనాదేటో, నాకు తెలట్నేదు. నీ పెళ్ళాం బతికిపోనాది."

పైడితల్లికి నవ్వు రాలేదు. "జొరం ఉందేటి?"

"ఉంది. మేటుకి సెప్పీకు బావా. మనోలిద్దరు ఆస్పత్రికి ఎల్నారు, శవాలు కూడా ఇంటికి రానేదు. నాను ఎల్లను. రెండ్రోజులు కూకుంటే అదే తగ్గిపోద్ది."

ఇరవై రెండేళ్ళుగా రోజూ ఎదురొచ్చే మనిషి అడిగితే కాదనడం పైడితల్లికి చేతకాలేదు. "కల్వర్టు కింద సల్లగా కూకో. నీ బీటు నాను తిరిగీస్తాను," అన్నాడు. ఆ రోజు నుంచి రెండు బీట్లూ అతనే తిరిగాడు. రాయి మీద గంగరాజు పెట్టిపోయిన పుస్తకం తీసుకుని, తనది కల్వర్టు కింద అతని పక్కన పెట్టేవాడు. సాయంత్రం గంగరాజు నాలుగో పుస్తకం దూరం నుంచి ఎత్తి చూపిస్తే, మేటు తల ఊపేవాడు. కాళ్ళు పీకుతున్నా పైడితల్లికి లోపల ఏదో మంచి పని చేస్తున్నానన్న తృప్తి. ఒట్టి తెలివితక్కువ తృప్తి.

ఇవాళ పదకొండుంపావుకు మేటు ఫోన్ చేశాడు.

"గాలి బండి పన్నెండింటికి మన బీట్ల మీదకొస్తాది. ఐదో బీటు ఒంపు కాడ కంకర జారిందంట. గంగరాజుని నిదానంగా సూడమను."

చెప్పడానికి అదే సమయం. పైడితల్లి నోటిదాకా వచ్చింది కూడా. "అలాగే," అన్నాడు.

హద్దురాయి మీద పుస్తకం లేదు. నిన్నా మొన్నా గంగరాజు ఎలాగో వచ్చి పుస్తకం పెట్టి, మళ్ళీ నీడకు పోయేవాడు. పైడితల్లి గబగబా పక్కనే ఉన్న కల్వర్టు దగ్గరికి దిగాడు. గంగరాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. భుజాలు రెండూ ఎగసిపడుతున్నాయి. పక్కనే సంచి.

పైడితల్లి మేటుకు ఫోన్ చేశాడు.

"గంగరాజుకి జొరమండీ. ఊపిరాడట్నేదు. మూడ్రోజులైంది."

"మూడ్రోజులేట్రా? పుస్తకాలు మారతన్నాయి కదరా!"

"నానే మార్సినాను."

"అంబులెన్సుని రైలు గేటు కాడికి పంపుతాను," అన్నాడు మేటు. "ఒంపు సూసీవాడు నేకపోతే బండి ఆపాల. ఆపమంటావా? నువ్వే సెప్పు."

పైడితల్లి గంగరాజు వైపు చూశాడు. ఇతన్ని వదిలి ఒంపు దాకా పోవాలంటే అర కిలోమీటరు. వదలకపోతే బండి ఆగుతుంది. గంగరాజుకు అంతా వినబడినట్టుంది. చేత్తో పొమ్మన్నట్టు తోశాడు.

"ఎల్లు బావా. ఆపీకు. ఎవలికో గాలి అది."

పైడితల్లి పరిగెత్తాడు. ముప్పై ఒక్కేళ్ళలో పట్టాల మీద అతను పరిగెత్తింది లేదు. ఒంపు దగ్గర బోర్లా పడుకున్నట్టు వంగి, పట్టా వెంట కన్ను పారించాడు. పట్టా ఇంకా వంకర తిరగలేదు. కంకర మాత్రం ఒక పక్క జారి స్లీపర్ల చివర్లు బయటపడ్డాయి. చేతులతోనే కంకర ఎగదోశాడు. ఏడు క్లిప్పులు దిగ్గొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడుస్తున్నానని అతనికి తెలియలేదు. బండి కూత వినబడ్డాక లేచి, పక్కకు జరిగి, ఆకుపచ్చ జెండా చాచి పట్టుకున్నాడు. తెల్లటి ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి అతని ముందు నుంచి పోయాయి. ఎక్కడికి పోతున్నాయో అతనికి తెలియదు. గంగరాజు దగ్గర మాత్రం ఆగవు.

పైడితల్లి కల్వర్టు దగ్గరికి తిరిగొచ్చేసరికి, గేటువాళ్ళు తెల్ల కోట్ల అంబులెన్సువాళ్ళు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే గంగరాజు సంచి కోసం తడుముకున్నాడు. అందులోంచి ఐదో బీటు పుస్తకం తీశాడు.

"మార్సుకోనేదు బావా, ఇయాల."

పైడితల్లి తన పుస్తకం అతనికిచ్చి అతనిది తీసుకున్నాడు. పదడుగుల దూరం ఇద్దరికీ గుర్తు రాలేదు. మూడు రోజుల్లో నిజంగా చేతులు మారింది ఆ ఒక్కసారే. గంగరాజు నాలుగో పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మేటు గుడిసె దగ్గర నలుగురే నిలబడ్డారు. గురునాథరావు ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"తెల్లారగట్ల పోనాడంట. ఆడి పెళ్ళాం పోతమ్మకి ఫోన్ సేసినాను. ఆవిడ భీమిలినుంచి వొచ్చినా ఆణ్ని సూపించరు." పైడితల్లి వైపు తిరిగాడు. "మూడ్రోజులు ముందొచ్చుంటే అన్నారంట డాట్రుగోరు. నిన్నేటీ అననురా. నాను మాత్రం దగ్గరికెల్లి సూసినానేటి? నీ పుస్తకం ఆడితోనే పోనాది, కొత్తది తీసుకో. ఐదో బీటుకి మనిషి నేడు. ఇయాల్టినుంచి రెండూ నువ్వే తిరగాల."

పైడితల్లి తల ఊపాడు. దాచి చేసిన పనినే ఇప్పుడు ఆర్డరు వేసి చేయమంటున్నారు. వీపు మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

పదకొండింటికి హద్దురాయి దగ్గరికి వచ్చాడు. ఎదుటివైపు పట్టాలు ఖాళీగా, ఎండకు వణుకుతూ కనిపించాయి. జేబులోంచి ఐదో పుస్తకం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన తెలిసింది. అంటే తాను బాగానే ఉన్నాడు. అందుకు సిగ్గేసింది. రూలు ప్రకారం అరగంట ఎదురుచూడాలి. ఎవరూ రారని తెలిసీ అరగంటా నిలబడ్డాడు. తర్వాత పుస్తకాన్ని రాయి మీద పెట్టి, దాని మీద కంకర రాయి ఒకటి ఉంచి, సుత్తి భుజానికెత్తుకుని గంగరాజు బీటులోకి నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చు.

వెనక హద్దురాయి మీద పుస్తకం ఎండలో ఉంది, వేడెక్కిన అట్టలోంచి ఎండు నెత్తళ్ళ వాసన వస్తూ.