చెరిపేసిన ఫైనల్

టీవీ స్టేషన్‌లో ఇరవై తొమ్మిదేళ్లు టేపుల గది చూసుకుని రిటైరైన మనిషి ఆమె. అక్కడ అందరూ టేపులమ్మ అనేవాళ్లు. ఆ పేరు ఆఫీసులో ఆగకుండా ఇంటిదాకా వచ్చేసింది. పక్కింటివాళ్లకూ ఆమె టేపులమ్మే.

ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీసి చూడగానే టేపులమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది, కానీ ఆ చేతుల్ని ఎలా మరిచిపోతుంది? ఒక్కో అరచెయ్యి చేటంత ఉంటుంది.

"నేనెవరో మీకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. గోల్ కాసే గోలీని" అన్నాడాయన.

"తెలుసండీ. లోపలికి రండి."

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. స్టేషన్‌కి వెళ్లాడట. అక్కడివాళ్లు కంప్యూటర్‌లో వెతికి లేదన్నారట. పాత టేపుల సంగతి టేపులమ్మనే అడగాలని అడ్రసు రాసిచ్చారట.

"ఆ ఫైనల్ ఒక్కసారి చూడాలమ్మా. మొత్తం అక్కర్లేదు. ఆ ఒక్క గోలు చాలు."

టేపులమ్మ మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లి, గ్లాసు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఆ ఫైనల్ ప్రసారమైన రోజుల్లో ఉన్నది ఒకటే ఛానెల్. బొమ్మలు నలుపూ తెలుపూ. వీధికొక్క టీవీ ఉంటే గొప్ప. ఆ ఇంటివాళ్లు కిటికీ తలుపులు బార్లా తీసిపెడితే సందంతా జనం. మైదానంలో మూడే మూడు కెమెరాలు. స్టేషన్‌లో పనిచేసే రికార్డింగ్ మెషిన్ ఒక్కటే. గోలు మళ్లీ చూపించాలంటే టేపు వెనక్కి తిప్పాలి, తిప్పితే రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకని ఏది జరిగినా ఒక్కసారే. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతే అయిపోయినట్టే.

ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా బంతి గాల్లోకి లేచింది. గోలీ ఎగిరి పట్టుకున్నాడు. మరుక్షణం అది చేతుల్లోంచి జారి గోల్లో పడింది. "అయ్యయ్యో, చేతికొచ్చిన బంతిని జారవిడిచాడు!" అని కామెంటేటర్ గొంతు చించుకున్నాడు. తెల్లారేసరికి ఊరూరా ఆయనకి కొత్త పేరు వచ్చింది: వెన్నచేతులు. ఆ తర్వాత ఏ జట్టూ ఆయన్ని తీసుకోలేదు.

నాలుగు రోజులకి ఆ టేపు టేపులమ్మ బల్ల మీదికి వచ్చింది. విదేశాల నుంచి రావాల్సిన కొత్త టేపులు రాక, ఉన్నవాటినే చెరిపి మళ్లీ వాడేవాళ్లు. చెరిపేముందు ఎక్కడైనా నలిగిందేమో చూడటం ఆమె పని. మీట మెల్లగా తిప్పితే బొమ్మ కూడా మెల్లగా కదిలేది. గోలీ ఎగిరాడు, బంతి రెండు చేతుల్లో భద్రంగా ఉంది. అప్పుడు పక్కనున్న అవతలి జట్టు ఆటగాడి మోచెయ్యి గోలీ డొక్కలోకి దిగబడింది. ఆమె ఏడుసార్లు తిప్పి చూసింది. ఏడుసార్లూ మోచెయ్యి అక్కడే ఉంది.

టేపు చంకన పెట్టుకుని ఆఫీసరు గదికి పరుగెత్తింది.

"సార్, ఇది చెరపొద్దు సార్. మీరొకసారి చూడండి."

"చూస్తే గెలిచినవాళ్లు కప్పు తెచ్చిచ్చేస్తారా? సాయంత్రం పిల్లల కార్యక్రమం రికార్డింగ్ ఉంది. టేపు లేదు. నువ్వు చేస్తావా, ఇంకొకళ్లని పిలవనా?"

ఆమె చేరి అప్పటికి ఎనిమిది నెలలే. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. చెరిపే యంత్రం మీద టేపు పెట్టి స్విచ్ నొక్కింది. అది ఒక నిమిషం గుయ్యిమంది. అంతే.

ఇప్పుడు నీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఆ టేపు లేదండీ. చెరిపేశారు. చెరిపేశారు కాదు. నేనే చెరిపేశాను."

ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన తలూపాడంతే.

"కానీ నేను చూశాను. మీ తప్పు లేదు. మోచేత్తో పొడిచాడు. ఎడమవైపు, డొక్కలో. నా కళ్లారా చూశాను."

ఆయన చిన్నగా నవ్వాడు. "నేను ఏడాదిపాటు కనబడ్డవాళ్లందరికీ చెప్పింది అదేనమ్మా. ఎడమ డొక్క అని పేపర్లో కూడా వేశారు. చెప్పీ చెప్పీ, అది జరిగిందో నేనే కల్పించుకున్నానో నాకే తెలియకుండా పోయింది. అందుకే చూద్దామని వచ్చాను."

"అయ్యో, జరిగిందండీ!"

"మీది మంచి మనసు. ముసలాడు ఇంతదూరం వచ్చాడు కదా అని..."

"జాలితో చెప్పడం లేదు!" టేపులమ్మ గొంతు పైకి లేచింది. పేపర్లో రానిది ఏదైనా చెప్పాలి. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "గోలు పడ్డాక అందరూ మైదానం మధ్యకి పరుగెత్తారు. కెమెరా మీ మీదే ఉండిపోయింది. మీరు బంతి తీసుకుని, దానికంటిన బురద చొక్కాతో తుడిచారు. శుభ్రంగా, చుట్టూ తిప్పి తుడిచి, అప్పుడు రిఫరీకిచ్చారు. అవునా, కాదా?"

ఆయన తన చేతులవంక చూసుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు.

"గుర్తులేదమ్మా" అన్నాడు చివరికి. "తుడిచానేమో. నాకు గుర్తులేదు."

టీ తాగి, కప్పు తానే వంటింట్లో పెట్టి, వెళ్లొస్తానని లేచాడు. టేపులమ్మ గేటు దాకా వెళ్లి సాగనంపింది.

ఆ వారంలోనే ఆమె చూసింది చూసినట్టు నాలుగు పేజీలు రాసి, సంతకం పెట్టి, ఒక కాపీ పత్రికకీ ఒకటి ఆయనకీ పంపింది. పత్రికవాళ్లు ఫోన్ చేసి, "దృశ్యం ఏమైనా ఉందామ్మా?" అని అడిగారు. లేదంది. "మరెలా వేస్తామమ్మా, మీరే చెప్పండి" అన్నారు.

నెల తర్వాత గోలీ భార్య ఫోన్ చేసింది.

"మీ ఉత్తరం అందిందక్కా. ఆయన చదివి బీరువాలో పెట్టుకున్నారు. నాకు చూపించారు గానీ ఇంకెవరికీ చూపించనన్నారు."

"ఎందుకమ్మా? అందరికీ చూపించమనే కదా రాశాను!"

"'పాపం, ఆవిడ నాకోసం ఇంత కష్టపడి రాసింది, నలుగురూ ఆవిణ్ణి అబద్ధాలకోరు అంటే బాగుండదు' అన్నారక్కా."

"అది అబద్ధం కాదమ్మా."

"ఏదైనా గానీ, మీ మేలు మరిచిపోలేం" అంది గోలీ భార్య, అచ్చం ఓదార్చే గొంతుతో.