కిటికీకి అడ్డంగా బీరువా

"నీకు అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే" అంటారు మా ఆయన. అది పొగడ్తనే ఆయన ఉద్దేశం. కాలేజీలో అర్థశాస్త్రం చెబుతారాయన. ఆదివారం పొద్దున రేడియోలో పావుగంట 'డబ్బు కబుర్లు' చెబుతారు. ముందురోజు సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే, వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని ఆ కబుర్లు నాకు వినిపిస్తారు. నా చెయ్యి ఆగకుండా తోముతుంటే అర్థమైనట్టు, ఆగితే అర్థం కానట్టు. ఆగిన చోటల్లా కాగితం పక్కన పెట్టి, "సరే, నువ్వయితే ఎలా చెబుతావు?" అంటారు.

ఒక వస్తువు చేతికందే కొద్దీ దాని మీద మోజు తగ్గుతుందనే సూత్రానికి ఆయన ఏవో గీతలు గీశారు. గీతలెందుకండీ, ఎండన పడి వచ్చినవాడికి మొదటి గ్లాసు నీళ్ళిస్తే ప్రాణం లేచొస్తుంది, నాలుగోది ఇస్తే కడుపుబ్బరం, ఐదోది ఇస్తే తిట్టిపోస్తాడు అన్నాను. ధరలు పెరగడమంటే అంకె మారడమే కానక్కర్లేదు, అంకె అక్కడే ఉండి సబ్బు నడుం సన్నబడటం కూడా అన్నాను. మర్నాడు అవే మాటలు ఆయన గొంతులో వినిపించేవి. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు, "ఎంత తేలిగ్గా చెబుతారమ్మా మీవారు, మీ అదృష్టమే అదృష్టం" అనేవాళ్ళు. ఏడవలేక నవ్వేదాన్ని. మా అత్తగారేమో, వాడు అంత తల బద్దలుకొట్టుకుని పాఠం చెబుతుంటే మధ్యలో ఆ గిన్నెల మోత ఏమిటని విసుక్కునేది. ఒళ్ళు మండేది నాకు. అయినా వారమంతా ఆ సాయంత్రం కోసమే చూసేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందా, చొక్కా ఇస్త్రీ అయిందా అని తప్ప నన్ను ఇంకేమీ అడగని ఇంట్లో, నువ్వయితే ఎలా చెబుతావని అడిగేది ఆ ఒక్క పూటే.

ఈమధ్య ఆ కబుర్ల దారి మారింది. ఒకవారం వాడని యంత్రం గురించి. ఇంకోవారం, పని చెయ్యని చేతులకి కూడా అన్నం పెట్టే ఇల్లు ఎలా చితికిపోతుందో దాని గురించి. ఆయన గొంతు మెత్తగానే ఉండేది కానీ, చదువుతున్నంతసేపూ కాగితం వైపు కాకుండా నావైపు చూసేవారు. నా మనసెందుకో కీడు శంకించేది. పిచ్చి మొహమా, పాఠాన్ని కూడా అనుమానిస్తావా అని నన్ను నేనే కసురుకునేదాన్ని.

అవకాశ వ్యయం అనే పాఠం వచ్చింది. ఒకదాన్ని అట్టే పెట్టుకోవడం వల్ల ఇంకొకటి రాకుండా పోతే, ఆ రానిది కూడా ఖర్చేనట. నా చెయ్యి ఆగింది. "కిటికీకి అడ్డంగా బీరువా పెట్టుకున్నాం అనుకోండి. బీరువాకి పోసిన డబ్బొక్కటే ఖర్చు కాదు. లోపలికి రాని వెలుగు కూడా ఖర్చే" అన్నాను. ఆయన మొహం విప్పారింది. ఇంకొంచెం దగ్గరగా చెప్పమన్నారు. బీరువా బదులు ఒక ఇల్లనుకో, అందులో ఒక్క మనిషే ఉంటోందనుకో అన్నారు. నేను మంచి ఊపు మీద ఉన్నాను. "అప్పుడు ఆ ఒక్క మనిషి కోసం ఇంటిల్లిపాదీ అద్దె కడుతున్నట్టే. పైకి కనపడదంతే" అన్నాను. ఆయన రాసుకున్నారు. మర్నాడు రేడియోలో చెప్పారు కూడా.

బుధవారం భోజనాల దగ్గర బయటపడింది. మా అమ్మ ఇల్లు బేరం పెట్టారట. ఆ డబ్బుతో తన కబుర్లకి సొంత స్టూడియో కడతారట. సాయంత్రం బ్రోకరు ఇల్లు చూడటానికి వస్తాడు, నువ్వు సంతకం పెడితే చాలు అన్నారు. అది రెండు గదుల ఇల్లు. అందులో మా అక్క ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు, బట్టల కొట్టుకి కాజాలు కుట్టిపెట్టి తన తిండి తను తింటుంది. అక్కకి లోకం తెలియదు, మీ ఆయన చదువుకున్నవాడు, దాని తలమీద నీడ పోకుండా చూస్తాడని అమ్మ ఆ ఇల్లు నా పేర రాసి కన్నుమూసింది. మరి అక్క ఎక్కడికి పోతుందండీ అన్నాను. "అన్నీ నీచేతే చెప్పించాను కదా, కొత్తగా అడుగుతావేం?" అన్నారాయన, మజ్జిగ పోసుకుంటూ. అత్తగారు తల కూడా ఎత్తలేదు. ఇన్ని వారాలూ ఆయన ఊరికి పాఠం చెప్పలేదు, నాకు చెప్పారు. కాదు, నా చేతే నాకు చెప్పించారు.

అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియకుండానే బస్సెక్కాను. తలుపు తీసే ఉంది. గోడకి పటాల్లేవు, మేకులే ఉన్నాయి. కుట్టుమిషనుకి గోనెపట్టా చుట్టి, పెట్టెలు గుమ్మం పక్కన పేర్చి, అక్క నేల ఊడుస్తోంది. ఎవరు చెప్పారే నీకు అన్నాను. నావైపు చూడకుండా రేడియో చూపించింది. నాకు ఇంకా అర్థం కాలేదు. అది ఆయన చెప్పిన పాఠమే కదే అన్నాను.

"మరిదిగారికి బీరువాలూ కిటికీలూ ఏం తెలుసు బుజ్జీ? మొదటినుంచీ అవన్నీ నీ మాటలే. చిన్నప్పుడు నాకు లెక్కలు కూడా ఇలాగే చెప్పేదానివి. ఆదివారం ఆ ఒక్క మనిషి మాట వినగానే, నువ్వే కబురు పెట్టావనుకున్నా. నోటితో చెప్పలేక అలా చెప్పించావని."

కోపం ఉన్నా బాగుండేది ఆ గొంతులో. ఊళ్ళో ఇంతమంది విన్నారు, నా మాటల్ని నావిగా గుర్తుపట్టింది ఇదొక్కతే. గుర్తుపట్టినందుకే వీధిన పడబోయింది. దాని చేతిలో చీపురు లాక్కుని, అక్కని పట్టుకుని ఏడ్చాను. నేను పంపలేదే అక్కా, నాకు తెలియదే అంటూనే ఉన్నాను. అది నా వీపు నిమిరింది కానీ, పెట్టెల వైపు చూస్తూనే ఉంది.

ఫోను మోగింది, ఆయనే. బ్రోకరు బయలుదేరాడట. అలాగే వచ్చే శనివారానికి నమ్మకం గురించి ఒక మంచి ఉదాహరణ ఆలోచించి పెట్టమన్నారు. నాకు సంతకమూ లేదు, ఉదాహరణా లేదు అన్నాను. ఆయన అరవలేదు. రేడియోలో మాట్లాడే గొంతుతోనే, "దీనికి నీకెంత ఖర్చవుతుందో తెలుసా?" అన్నారు. నాకు తెలుసు. మా అత్తవారింటి తలుపు నాకు మళ్ళీ తియ్యరు. నా బట్టలు కూడా అందులోనే ఉన్నాయి. తెలుసని చెప్పి పెట్టేశాను.

గోనెపట్టా విప్పి మిషను యథాస్థానంలోకి జరుపుతుంటే వీధిలో స్కూటరు ఆగింది. అక్క లేవబోతే ఆగమన్నాను. గుమ్మంలో బ్రోకరు చెప్పులు విప్పకుండానే లోపలికి తొంగిచూసి, ఇల్లు ఖాళీ అని సారు చెప్పారే అన్నాడు.

"ఖాళీ లేదు. ఇద్దరం ఉంటున్నాం" అన్నాను.