పది చేతుల్లో పడ్డ ఇల్లు

సూర్యాపేటలో మా ఇల్లు అమ్మాలనుకున్నది నా కోడలు సరిత కోసం. ఆమె మిర్యాలగూడ సర్కారు దవాఖానలో నర్సు. గొర్రెలు కాసుకుని బతికిన మా ఇంట్లో సర్కారు ఉద్యోగం అనేది ఆమెతోనే మొదలు. రోజూ పోను రాను బస్సులోనే సగం బతుకు గడిచిపోయేది. ఆపైన నడుం నొప్పి పట్టుకుంది. అక్కడ కిరాయికి ఉందామని నా కొడుకు లక్ష్మణ్ అన్నాడు కానీ నేనే ఒప్పుకోలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒకరి గుమ్మంలో ఉన్నదాన్ని కాదు. ఇది అమ్మేసి అక్కడే ఒకటి కొందామన్నాను.

అమ్మడం నాకు ఒకరు నేర్పాలా? మా ఆయన బిక్షం గొర్రెల బేరం చేసేవాడు. సంతలో ఆయన పక్కన కూర్చున్నదాన్ని. గొర్రె నడుం మీద పది చేతులు పడితేనే ధర లేస్తుందనేవాడు. ఒక్కడే చూసిపోతే ఆ ఒక్కడు చెప్పిందే ధర. నేనూ అట్లాగే చేశాను. చాయ్ హోటల్ దగ్గర కూర్చునే బ్రోకర్‌కు చెప్పాను. బస్టాండు పక్కన బోర్డు పెట్టుకున్నాయనకు చెప్పాను. జిరాక్స్ షాపు నడుపుతూ ఇళ్లు చూపించే అనసూయకు చెప్పాను. మా అన్న కొడుకు శ్రీహరిదీ అదే పని, వాడికీ చెప్పాను. పాలు పోసే అతను ఊరికే అడిగితే, ఎవరన్నా ఉంటే తీసుకురమ్మని అతనికీ చెప్పాను.

ఇంటి ఫోటో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. ఎవరికి తోచిన ధర వాళ్లు పెట్టారు. మొదట్లో జనం బాగానే వచ్చారు. వంటిల్లు చూశారు, నల్లా తిప్పి చూశారు, మళ్లీ చెప్తామని పోయారు. వానలు మొదలయ్యేసరికి వచ్చేవాళ్లే లేకుండా పోయారు.

ఒకనాడు కూరగాయల మార్కెట్‌లో ఒకామె వంకాయలు ఏరుకుంటూ పక్కామెతో చెబుతోంది. "గా పచ్చ గేటు ఇల్లు లేదా? ఎన్ని దినాల సందో అమ్ముతున్నరు. అందరు సూశి ఇడిశిపెడుతున్నరంటే, ఎవరో ఉరేసుకున్నట్టున్నరు అండ్ల."

పచ్చ గేటు మాది. నేను ఏరిన వంకాయలు అక్కడే వదిలేసి వచ్చాను.

సరిత ఎన్నడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు అన్నం కలుపుతూ మామూలుగానే అంది.

"దసరా దాక సూస్త అత్తమ్మా. ఆ తర్వాత నౌకరి ఇడిశిపెడ్త. నాకు సాతనైతలేదు."

ఆ ఉద్యోగం కోసం ఆమె ఎంత చదివిందో నాకు తెలుసు. నాకు అక్షరం రాదు, ఆమె చదువుతుంటే ఎదురుగా కూర్చుని పల్లీలు ఒలిచేదాన్ని. ఇగ ఊరికే ఉండలేకపోయాను. బ్రోకర్లందరూ ఎవరినో ఒకరిని తెచ్చారు, అనసూయ ఒక్కతే ఎందుకు రాలేదో కనుక్కుందామని ఆమె షాపుకు పోయాను.

ఆమె ఎవరివో ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తోంది. పని ఆపకుండానే జవాబు చెప్పింది.

"పది చేతులల్ల ఉన్న ఇల్లు నాకెందుకు పెద్దమ్మా? కొనేటోడు ఒకని కాడ ఒక ధర ఇంటడు, ఇంకొకని కాడ ఇంకొకటి ఇంటడు. గిదేందో మోసమనుకుంటడు."

సంతలో అమ్ముడుపోని గొర్రెనైతే ఇంటికి తోలుకుపోతారు, ఇంటిని ఎక్కడికి తోలుకుపోతావని కూడా అడిగింది. నేను నవ్వాను కానీ తగలాల్సిన చోటే తగిలింది. తనకు ఒక్కదానికే అప్పజెప్పాలంది. మిగతావాళ్లు ఫోటోలు తీసెయ్యాలి. ఒక నెల ఎవరికీ చూపదట, ఆ పుకారు చల్లారాలట. మరి మా శ్రీహరి సంగతేందంటే, అతనికి నువ్వే చెప్పుకోవాలంది.

మిగతావాళ్లకు లక్ష్మణ్ ఫోన్ చేశాడు. శ్రీహరి దగ్గరికి నేనే పోయాను. నేను చెబుతుంటే వాడు గేటు గొళ్లెం ఆడించాడు.

"అత్తా, నేను పరాయోన్నా?"

"పరాయోనివి కావు గనకనే బిడ్డా. ధర తగ్గించి తెస్తే ఆమెను మొఖం మీదనే తిడ్త. నిన్ను తిడితే రేపు మా అన్న ఇంటికి ఏ మొఖం పెట్టుకోని రావాలె?"

వాడు ఫోన్ తీసి నా ముందే ఫోటో తీసేశాడు. చాయ్ మాత్రం తాగమనలేదు.

ఆ నెల ఎట్లా గడిచిందో నాకే తెలుసు. దసరా దగ్గరపడింది, బజారులోకి బతుకమ్మకు పేర్చే గునుగు పూలు కూడా వచ్చేశాయి. అప్పుడు అనసూయ ఒక కుటుంబాన్ని తీసుకొచ్చింది. యాకోబు అని, కరెంటు ఆఫీసులో పని, హుజూర్‌నగర్ నుంచి ఇక్కడికి బదిలీ అయింది. వెంట భార్య. ముసలి తండ్రి ఆటోలోనే కూర్చున్నాడు. అడిగినదానికి చెప్పు, అడగనిది చెప్పకు అని అనసూయ నాకు ముందే చెప్పి ఉంచింది.

యాకోబు భార్య అన్నీ చూసింది. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఈ ఇంట్ల ఎవరన్న సచ్చిపోయిన్రా?"

నేను అనసూయ వైపు చూశాను. ఆమె గోడ వైపు చూసింది. లేదని ఒక్క మాట అంటే అయిపోయేది.

"మా ఆయన పోయిండు బిడ్డా. ఈ నడిమి అర్రలనే, ఆయాసమొచ్చి. పెద్దమనిషి, ఏండ్లు నిండి పోయిండు. ఉరి గిరి ఏం లేదు. ఇల్లు అమ్ముడుపోనిది నేను ఊరందరికి చెప్పుకున్నందుకు."

ఆమె నడిమి గదిలోకి పోయి కిటికీ తెరిచింది. గాలి ఎటు నుంచి వస్తుందో చూసింది. ఆ కిటికీలో నుంచే ఆటో వైపు కేకేసింది.

"మామా, దిగి రా. నీ మంచం గీడ పడ్తదేమో సూడు."

రిజిస్ట్రేషన్ నాడు సాక్షి సంతకానికి శ్రీహరిని పిలిచాను. వచ్చాడు. నాతో మాట్లాడలేదు, లక్ష్మణ్‌తో మాట్లాడాడు, సంతకం పెట్టి పోయాడు. మిర్యాలగూడలో ఇల్లు కూడా నువ్వే చూడమంటే అనసూయ ఒప్పుకోలేదు. ఆ ఊరి గల్లీలు తనకు తెలియవంది. అక్కడ ఎవరినో ఒక్కరినే వెతుక్కోవాలి. అందాకా దవాఖాన వెనక కిరాయికి ఉంటున్నాం. ఓనరమ్మ మంచిదే, నీళ్ల దగ్గర మాత్రం కాస్త పీనాసి. సరిత డ్యూటీకి నడిచి పోతుంది, మధ్యాహ్నం అన్నానికి ఇంటికే వస్తుంది.